మనకే టీకాలు చాలనప్పుడు బయటి దేశాలకు పంపడం తప్పా? పీహెచ్‌సీలో టీకాలు చూసుకున్న ఫార్మసిస్టుగా నా జవాబు

మీ ప్రశ్న పెద్దది. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. 2021 ఏప్రిల్, మే నెలల్లో మీ నాన్నగారి కోవిడ్ టీకా రెండో డోసు కోసం ఊరూరా తిరిగారు. అప్పటికే మన దగ్గర తయారైన టీకాలు తొంభైకి పైగా దేశాలకు వెళ్లాయని తర్వాత చదివారు. అది తప్పు కాదా, "ప్రపంచ సంఘీభావం" అనేది లీడర్లు మైకులో చెప్పుకునే మాటేనా, మళ్లీ ఇలాంటిది వస్తే మామూలు జనం చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పంపడం తప్పు కాదు. సరిపడా ఆర్డరు ముందే పెట్టకపోవడం ఒక తప్పు. మాట ఇచ్చిన దేశాలకు మధ్యలో ఉన్నట్టుండి ఆపేయడం ఇంకో తప్పు. మీ నాన్నగారికి డోసు దొరకకపోవడానికి అసలు కారణం మొదటిది. రెండోదాని దెబ్బ ఎవరికి తగిలిందో మనకు పెద్దగా తెలియదు, ఎందుకంటే వాళ్లు మన టీవీల్లో కనపడలేదు.

నేను కోదాడ వైపు ఒక పీహెచ్‌సీలో ఫార్మసిస్టుగా పనిచేశాను. టీకాల ఫ్రిజ్, అంటే ఐఎల్ఆర్, దాని తాళం, రిజిస్టరు అన్నీ నా దగ్గరే ఉండేవి. కాబట్టి నేను చెప్పేదంతా ఆ ఫ్రిజ్ పక్కన నిలబడి చూసినవాడి మాటగా తీసుకోండి. ఢిల్లీలో, జెనీవాలో ఏం జరిగిందో నాకూ పేపర్లు చదివే తెలుసు.

లెక్క చూద్దాం. 2021 జనవరిలో కేంద్రం పెట్టిన మొదటి ఆర్డరు సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌కు 1.1 కోట్ల కోవిషీల్డ్ డోసులు, భారత్ బయోటెక్‌కు 55 లక్షల కోవాగ్జిన్ డోసులు. రెండూ కలిపి కోటీ అరవై అయిదు లక్షలు. దేశంలో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు దాదాపు 94 కోట్ల మంది, మనిషికి రెండు డోసులు. అంటే 188 కోట్లు కావాల్సిన చోట కోటిన్నర చిల్లరతో మొదలుపెట్టాం. అమెరికా 2020 జులైలోనే ఫైజర్‌తో 10 కోట్ల డోసులకు ఒప్పందం చేసుకుంది, ఆ టీకా పనిచేస్తుందో లేదో అప్పటికింకా తేలనే లేదు. కెనడా అయితే తన జనాభాకు కొన్ని రెట్లు బుక్ చేసి పెట్టుకుంది. టీకాల ఫ్యాక్టరీలు మన దేశంలో ఉన్నాయి కదా, అవసరమైనప్పుడు దొరక్కపోతాయా అన్న ధీమా మనది. ఫ్యాక్టరీ మన ఊళ్లో ఉన్నా ముందు అడ్వాన్సు కట్టినవాడి సరుకే ముందు లారీ ఎక్కుతుంది.

ఇక బయటికి వెళ్లిన సంగతి. 2021 జనవరి 20న భూటాన్, మాల్దీవులకు పంపడంతో మొదలై ఏప్రిల్ నాటికి సుమారు 6.6 కోట్ల డోసులు వెళ్లాయి. "దానం చేశారు" అని వాట్సాప్‌లో తిరిగింది గానీ, అందులో ఉచితంగా ఇచ్చింది కోటి చిల్లరే. ఎక్కువ భాగం కంపెనీ అమ్ముకున్నది, మిగతాది కోవాక్స్‌కు ఇవ్వాల్సింది. కోవాక్స్ అంటే పేద దేశాలకు టీకాలు అందించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, గావి లాంటి సంస్థలు కలిసి పెట్టుకున్న ఏర్పాటు. దానికోసం 2020లోనే గేట్స్ ఫౌండేషన్, గావి కలిసి సీరమ్‌కు 30 కోట్ల డాలర్లు సమకూర్చాయి. కంపెనీ తయారీ పెంచుకోవడానికి ఆ డబ్బు పనికొచ్చింది. తర్వాత మనందరికీ పడ్డ కోవిషీల్డ్ కూడా ఆ పెరిగిన లైన్ల మీద తయారైనదే. ఇంకొకరి అడ్వాన్సుతో ఫ్యాక్టరీ పెంచుకుని, సరుకు మాత్రం మాకే కావాలంటే ఎట్లా?

ఆ 6.6 కోట్లూ ఇక్కడే ఉంటే? మూడు కోట్ల ముప్పై లక్షల మందికి రెండు డోసులు పడేవి. అది చిన్న సంఖ్యేమీ కాదు, కొన్ని ప్రాణాలు నిలిచేవి కూడా. కాదనను. కానీ 2021 సెప్టెంబర్ 17న ఒక్కరోజే దేశంలో 2.5 కోట్ల డోసులు వేశారు. అంటే బయటికి పంపిందంతా అలాంటి మూడు రోజుల పని కూడా కాదు. సెప్టెంబర్‌లో వచ్చిన సరఫరా ఏప్రిల్‌లో ఎందుకు లేదు అన్నదే అడగాల్సిన ప్రశ్న, దానికి జవాబు విదేశాల్లో దొరకదు.

మే నెల విధానం అయితే నాకిప్పటికీ మింగుడుపడదు. మే 1 నుంచి పద్దెనిమిది దాటిన అందరికీ అన్నారు, రాష్ట్రాలే కొనుక్కోండి అన్నారు, ఒకే టీకాకు కేంద్రానికి ఒక రేటు, రాష్ట్రానికి ఒక రేటు, ప్రైవేటు ఆస్పత్రికి ఒక రేటు పెట్టారు. కోవిషీల్డ్ 150, 300, 600 రూపాయలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెరో కోటి డోసులకు గ్లోబల్ టెండర్లు పిలిస్తే వేసినవాళ్లు లేరు. ఏ విదేశీ కంపెనీ అయినా దేశంతో మాట్లాడుతుంది గానీ రాష్ట్రాలతో మాట్లాడుతుందా? సుప్రీంకోర్టు గట్టిగా మొట్టికాయ వేశాక, జూన్ 7న మళ్లీ కేంద్రమే కొంటుందని ప్రకటించారు.

కింద మా దగ్గర ఇది ఎలా ఉండేదో చెప్తాను. కోవిషీల్డ్ ఒక వయల్‌లో పది డోసులు. మూత తీశాక నాలుగు గంటల్లో అయిపోవాలి, లేదంటే పారేయాలి. మూత తీసిన టైము మార్కర్‌తో సీసా మీదే రాసేవాళ్లం. మధ్యాహ్నం మూడున్నరకు బెంచీ మీద ఆరుగురు ఉన్నారనుకోండి. కొత్త వయల్ తీస్తే నాలుగు డోసులు వృథా, తీయకపోతే ఆరుగురు ఉత్త చేతులతో వెనక్కి. అప్పుడు మా ఆశా కార్యకర్త ఫోను తీసేది. వడ్ల కొనుగోలు కేంద్రంలో కుప్పల దగ్గర కాపలా ఉన్న రైతులకు చేసేది: "ఆధార్ కార్డు పట్టుకుని ఇప్పుడే రండి, కుప్ప నేను చూస్తా, మీది ఎక్కడికీ పోదు." పదిమంది అయ్యాకే మూత తీసేవాళ్లం. ఆమె లేకపోతే ఎన్ని వయల్స్ పారబోసేవాళ్లమో! తర్వాత స్లాటు ఆన్‌లైన్‌లోనే అన్నారు. హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చి మా ఊరి స్లాట్లలో టీకా వేయించుకుని వెళ్లారు కొందరు. వాళ్లను తప్పు పట్టను, ప్రాణభయం ఎవరికైనా ఒకటే. కానీ పక్క వీధి ముసలాయనకు స్మార్ట్‌ఫోన్ లేక టీకా దూరమైంది. మీరు ఊరూరా తిరిగానన్నారే, ఆ తిరుగుడుకు ఇంకో వైపు ఇది.

ఇప్పుడు ఆపేయడం సంగతి. మార్చి చివరికి మన కేసులు పెరగగానే ఎగుమతులు దాదాపు నిలిచిపోయాయి. బంగ్లాదేశ్ 3 కోట్ల డోసులకు ఒప్పందం చేసుకుని ముందే డబ్బు కట్టింది. ఒప్పందం కింద వచ్చినవి 70 లక్షలు, తర్వాత నెలల తరబడి ఏమీ లేవు. నేపాల్‌లో మొదటి డోసు వేయించుకున్న ముసలివాళ్లు లక్షల్లో రెండోదాని కోసం ఎదురుచూశారు. భూటాన్ మన టీకాలతో మార్చి చివర్లో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లోనే పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా మొదటి డోసు వేసేసింది. రెండో డోసు మాత్రం జులైలో అమెరికా, యూరప్ దేశాలు ఇచ్చినవాటితో వేసుకోవాల్సి వచ్చింది. కోవాక్స్ ఎక్కువగా సీరమ్ మీదే ఆధారపడింది కాబట్టి ఆఫ్రికాలో దెబ్బ గట్టిగా తగిలింది. 2021 చివరికల్లా 200 కోట్ల డోసులు ఇస్తామన్న కోవాక్స్, వందో కోటి డోసు పంపేసరికి 2022 జనవరి వచ్చింది.

మన దగ్గర శవాల వరసలు ఉన్నప్పుడు ఏ ప్రభుత్వమైనా ఆపకుండా ఉండగలదా అంటారా? ఉండలేదు. అప్పుడు ఆపడాన్ని నేను తప్పు పట్టను. అక్టోబర్ దాకా ఆపడాన్ని, ఎప్పుడు ఇస్తామో వాళ్లకు చెప్పకపోవడాన్నే తప్పంటున్నాను. తేదీ చెప్పి ఉంటే వాళ్లు ఇంకో దారి చూసుకునేవాళ్లు. చివరికి నేపాల్, బంగ్లాదేశ్ చైనా టీకాల వైపు వెళ్లాయి. దౌత్యం కోసమే పంపామని చెప్పుకున్నవాళ్లు ఆ దౌత్యాన్ని కూడా నిలబెట్టుకోలేదు.

అదే ఏప్రిల్, మే నెలల్లో మనకు ఎవరు పంపారో కూడా గుర్తుంచుకోండి. బ్రిటన్ నుంచి వెంటిలేటర్లు, కాన్సన్‌ట్రేటర్లు (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషీన్లు) ఏప్రిల్ 27న దిగాయి. మనం టీకాలు ఆపేసిన భూటాన్, సరిహద్దులో కొత్తగా కట్టిన ప్లాంటు నుంచి అస్సాంకు రోజుకు 40 టన్నుల ద్రవ ఆక్సిజన్ పంపుతామని ప్రకటించింది. డబ్బు కట్టి టీకాలు అందని బంగ్లాదేశ్ రెమ్‌డెసివిర్ పంపింది. పాకిస్తాన్‌లోని ఈధీ ఫౌండేషన్ 50 అంబులెన్సులు, వాటితో సిబ్బంది తెస్తామని మన ప్రధానికి ఉత్తరం రాసింది. కెన్యా 12 టన్నుల టీ పొడి, కాఫీ, వేరుశనగ పంపింది, ఆస్పత్రుల్లో రాత్రింబగళ్లు పనిచేసేవాళ్లకు పెట్టండి అని. దాన్ని చూసి సోషల్ మీడియాలో వెక్కిరించారు కొందరు. కష్టంలో ఉన్న ఇంటికి పొరుగువాళ్లు అన్నం గిన్నె తెస్తే ఎవరూ వెక్కిరించరు కదా, దేశం విషయానికి వచ్చేసరికి ఆ మర్యాద ఎక్కడికి పోయిందో.

ఇవన్నీ చదివి ఇచ్చే మనసుంటే చాలనుకోకండి. మా జిల్లాకు అమెరికాలోని తెలుగువాళ్లు కాన్సన్‌ట్రేటర్లు పంపారు. తానా, ఆటా లాంటి సంఘాలు రెండు రాష్ట్రాల్లో చాలాచోట్లకు పంపాయి, విడిగా మనుషులు కూడా చందాలు వేసుకుని పంపారు. వాళ్ల రుణం తీర్చుకోలేం. అయితే ఒక పెట్టె విప్పి చూస్తే ప్లగ్గు రెండు బల్లపరుపు పుల్లలది, మెషీను 115 వోల్టులది. మన గోడలో 230 వోల్టులు. నేరుగా పెట్టి ఉంటే కాలిపోయేదే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కోసం కోదాడ అంతా వెతికాం, లాక్‌డౌన్‌లో షాపులు ఉండేది పొద్దున నాలుగు గంటలే. చివరికి మోటార్లు రిపేరు చేసే ఆయన ఒకరు పాత ట్రాన్స్‌ఫార్మర్‌కు చుట్టలు చుట్టి ఇచ్చాడు. అదీ కాక నిమిషానికి అయిదు లీటర్లు ఇచ్చే మెషీను రక్తంలో ఆక్సిజన్ 90 శాతం దగ్గర ఊగుతున్నవాళ్లకు పనికొస్తుంది, 70కి పడిపోయిన మనిషికి చాలదు. ఇంట్లో మెషీను ఉందన్న ధైర్యంతో ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చినవాళ్లను చూశాం. పంపేవాళ్లు ముందు ఒక్క ఫోను చేసి, మీకు ఏం కావాలి, మీ కరెంటు ఎంత అని అడిగితే ఈ బాధ ఉండదు.

దేశాల మధ్య కూడా అచ్చం ఇదే కథ. 2021 మార్చిలో ఆఫ్రికాలోని మలావికి సీరమ్ తయారుచేసిన టీకాలు లక్షకు పైగా అందాయి, గడువు మూడు వారాలు కూడా లేదు. వేయగలిగినన్ని వేసి, మిగిలిన 19,610 డోసులను మే నెలలో అందరి ముందూ కాల్చేశారు. పాత టీకాలు వేస్తున్నారన్న అనుమానం జనానికి రాకుండా అలా చేశారు. అదే ఏడాది డిసెంబరులో నైజీరియా 10 లక్షలకు పైగా డోసులు పారేసింది, అవీ గడువు దగ్గరపడ్డాక దానంగా వచ్చినవే. "ఆఫ్రికావాళ్లకు టీకాలిచ్చినా వేసుకోరు" అని తేలిగ్గా అనేస్తారు. పది డోసుల వయల్, నాలుగు గంటల గడువుతోనే మేం అంత తిప్పలు పడ్డాం. లక్ష డోసులు, పద్దెనిమిది రోజులు అంటే ఏ జిల్లా అయినా చేతులెత్తేస్తుంది.

ప్రపంచం దాకా ఎందుకు, మా రోడ్డు మీద జరిగింది చెప్తాను. కోదాడకు, జగ్గయ్యపేటకు మధ్య ఉన్నది రాష్ట్ర సరిహద్దు మాత్రమే. పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్లు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయించారు. అక్కడి పోలీసులు ఇచ్చిన పాసులు పట్టుకుని పిల్లలు బండ్ల మీద వస్తే, గరికపాడు దగ్గర ఆంధ్రా పోలీసులు ఆపేశారు. ఏడాది తర్వాత, 2021 మే నెలలో, అదే రోడ్డు మీద రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర, అటు కర్నూలు వైపు పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర తెలంగాణ పోలీసులు ఆంధ్రా అంబులెన్సులను ఆపారు. హైదరాబాద్ ఆస్పత్రిలో బెడ్డు ఖాయమైనట్టు కాగితం ఉంటేనే రమ్మన్నారు. మన బెడ్లు మనవాళ్లకే కావాలి అన్నది వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది, మీ ప్రశ్న కూడా ఆ వాదనకు చుట్టమే. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చాక బండ్లు కదిలాయి. రోగిని ఏ రాష్ట్రం అని అడిగి ఆక్సిజన్ పెట్టే హక్కు ఎవరికీ లేదు. నా వరకు ఇందులో చర్చే లేదు.

దీనికి పూర్తి ఎదురుగా ఒకటి చెప్పాలి. 2020 మే 1న దేశంలో మొదటి వలస కూలీల రైలు కదిలింది మన లింగంపల్లి నుంచే, ఝార్ఖండ్‌లోని హటియాకు, సుమారు 1,200 మందితో. అంతకుముందు నెల రోజులు తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డు లేని బయటి రాష్ట్రాల కూలీలకు కూడా మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. అందరికీ అందాయా అంటే లేదు. మిర్చి ఏరడానికి ములుగు వైపు వచ్చి నడుచుకుంటూ ఛత్తీస్‌గఢ్ బయలుదేరిన పన్నెండేళ్ల పాప ఇల్లు చేరకుండానే చనిపోయింది. బియ్యం ఇచ్చిన ప్రభుత్వమూ ఇదే, అంబులెన్సు ఆపిన ప్రభుత్వమూ ఇదే. అందుకే నేను పార్టీని బట్టి, మంచి చెడ్డ మనుషులను బట్టి దీన్ని చూడను. ముందే రాసిపెట్టుకున్న పద్ధతి ఉన్నచోట పని జరిగింది. లేనిచోట భయం వచ్చి కూర్చుంది.

పేటెంట్ల సంగతి కూడా కొద్దిగా చెప్తాను. 2020 అక్టోబర్ 2న భారత్, దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఒక ప్రతిపాదన పెట్టాయి: ఈ మహమ్మారి ఉన్నన్నాళ్లూ టీకాలు, మందులు, పరికరాల మీద మేధోసంపత్తి హక్కులు పక్కన పెట్టండి అని. అమెరికా 2021 మే 5న టీకాల వరకు సరేనంది. యూరప్ నానబెట్టింది. చివరికి 2022 జూన్‌లో వచ్చింది బాగా తగ్గించిన నిర్ణయం, అదీ టీకాలకే, అప్పటికి టీకాల కొరతే పోయింది. దీంట్లో మన పాత్ర గొప్పదే. కానీ పేటెంటు ఒక్కటే అడ్డు అనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ చేసిన కార్బెవాక్స్ చూడండి. టెక్సస్‌లోని బేలర్ కాలేజ్ వాళ్లు పేటెంటు తీసుకోకుండా ఇచ్చిన టీకా అది. అయినా అనుమతి వచ్చేసరికి 2021 డిసెంబరు చివర. డబ్బు, ట్రయల్స్, ముడిసరుకు అన్నీ సమయానికి రావాలి. సీరమ్‌కే 2021 ఏప్రిల్‌లో అమెరికా నుంచి ముడిసరుకు ఆగిపోయి, దాని అధిపతి ట్విట్టర్‌లో అమెరికా అధ్యక్షుడిని బతిమాలుకోవాల్సి వచ్చింది.

మళ్లీ వస్తే ఏంటి? 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభలో మహమ్మారి ఒప్పందం ఆమోదించారు. ముందురోజు కమిటీలో జరిగిన ఓటింగులో 124 దేశాలు ఔనన్నాయి, 11 తటస్థంగా ఉన్నాయి, అమెరికా అసలు బయటే ఉంది. అందులో నాకు పనికొచ్చేదిగా కనిపించింది ఒకటే: మహమ్మారి సమయంలో ఈ ఏర్పాటులో చేరిన కంపెనీలు తమ తయారీలో 20 శాతం లక్ష్యంగా అప్పటికప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలి, అందులో కనీసం సగం ఉచితంగా. ఆ ఏర్పాటు వివరాలు విడిగా ఒక అనుబంధంలో తేల్చుకోవాలని పెట్టారు. అది కుదరకుండా మిగతా కాగితంతో మందు సీసా కదలదు. వైరస్ సమాచారం ముందుగా చెప్పిన దేశానికి ఏం దక్కుతుందో కూడా అందులోనే తేలాలి. 2021 నవంబరులో ఒమిక్రాన్ గురించి నిజాయితీగా చెప్పిన దక్షిణాఫ్రికాకు రోజుల్లోనే విమానాలు ఆపేశారు. అలా చేస్తే రేపు ఎవరు చెప్తారు?

మనలాంటివాళ్లు చేయగలిగింది అని అడిగారు. నేనైతే ఇవి చెప్తాను. మీ పీహెచ్‌సీకి వెళ్లి ఐఎల్ఆర్‌కు కరెంటు పోతే బ్యాకప్ ఉందా, జనరేటర్‌లో డీజిల్ ఉందా అని అడగండి. గ్రామసభలో అడిగితే ఇంకా మంచిది, రాసుకుంటారు. మీ ఆశా కార్యకర్త దగ్గర ఊళ్లో అరవై దాటినవాళ్ల, షుగర్, బీపీ ఉన్నవాళ్ల జాబితా ఉంటుంది. ఫోను లేనివాళ్ల పేర్లు అందులో ఉన్నాయో లేదో చూడమనండి. విదేశాల్లో మీవాళ్లు ఎవరైనా సామాను పంపుతామంటే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని మెసేజ్ పెట్టండి, ఇక్కడ సర్వీసు సెంటరు ఉన్న మోడలే పంపమనండి. అంతకంటే మేలు, డబ్బు పంపితే ఇక్కడే కొనడం.

ఇక మీ ఎంపీని అడగాలనుకుంటే, బయటికి ఎందుకు పంపారు అని అడగకండి. మొదటి ఆర్డరు ఎప్పుడు పెట్టారు, ఎన్నింటికి పెట్టారు, అడ్వాన్సు ఎంత కట్టారు, ఈ మూడూ తేదీలతో సహా అడగండి. ఆశా కార్యకర్తల గౌరవ వేతనం ఎంత, నెలనెలా వస్తోందా అన్నది కూడా అదే ఉత్తరంలో చేర్చండి.